ఎలుగుబంటికి ఒకరోజు సెలవు

పార్కు వెనకవైపు, టికెట్టు కొన్నవాళ్ళ కంట పడని చోట వేషాల గది ఉంది. బల్ల మీద ఎలుగుబంటి తల నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆ తల పెట్టుకునే మనిషి మెడదాకా బొచ్చు తొడుగులోనే కూర్చుని చల్లారుతోంది. ఎదురుగా ఆమె ఆడపడుచు, అంటే విడిపోయిన మొగుడి అక్క. మొగుణ్ణి మాజీ అనొచ్చు గానీ వరసలకి ఆ మాట అతకదు కాబట్టి, వదినా అనే పిలుపూ అమ్మాయ్ అనే పిలుపూ ఇద్దరి మధ్యా ఇంకా మిగిలే ఉన్నాయి.

“...అందుకని గేటు తెరవకముందే వచ్చి నిలబడండి వదినా. ఎండెక్కాక వస్తే పిల్లలు చిటపటలాడతారు, పెద్దవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు. రోజూ చూస్తున్నానుగా. పాపకి కొత్త బూట్లు మాత్రం వెయ్యకండి.”

“కొనేశారే. నడిస్తే లైట్లు వెలుగుతాయి వాటికి.”

“కరుస్తాయి. రెండో ఆటకే బొబ్బలెక్కి కూలబడిపోతుంది. పాతవి వేసి, అవి సంచిలో పెట్టుకోండి, ఫోటోలప్పుడు వెయ్యొచ్చు. ఏ సైజు?”

“ఏవి?”

“బూట్లు.”

“నాకేం తెలుసే, కొన్నది నేను కాదుగా. అది సరే, నీకు వారంలో సెలవెప్పుడు?”

“బుధవారం. నా సెలవుకేం గానీ, ముందు రంగులరాట్నం ఎక్కించండి. గుర్రాల్లో తెల్లదొకటి ఉంటుంది, అది పైకీ కిందకీ కదలదు. మొదటిసారికి అదే మంచిది. పడవల సొరంగం మాత్రం వద్దు. లోపల చీకటి, మొసలొకటి ఉన్నట్టుండి నోరు తెరుస్తుంది. దానికి చీకటంటే భయమా?”

“లైటు ఆర్పితే లేచి కూచుంటుంది.”

“నేనూ అంతే.”

“తెలుసు. ఇంట్లో ఆ మాట ఎవరం అనం.”

“టీ తాగండి వదినా, చల్లారిపోతోంది. ఇంకోటి చెప్పాలి. పెద్ద రైలు దగ్గర కొలకర్ర ఉంటుంది, అంత ఎత్తు లేని పిల్లల్ని ఎక్కనివ్వరు. అక్కడికొచ్చాక చెప్తే నేల మీద పడి దొర్లుతారు. ఇంటి దగ్గరే చెప్పి తీసుకురండి, ఇది నువ్వు పెద్దయ్యాక అని. ఎంత ఎత్తుంది ఇప్పుడు? నాకు ఇక్కడికి వస్తుందా?”

“లే, చూస్తాను. ఇంకొంచెం పైకి. ఇదుగో, ఇక్కడిదాకా.”

“ఇక్కడిదాకా వచ్చేసిందా.”

“ఏడవకు.”

“ఏడవట్లేదు, చెమట. దీన్లో ఉంటే పొయ్యి మీద కూచున్నట్టే.”

“బుధవారం స్కూలు మానిపించి తీసుకెళ్దాంరా అంటే వినలేదు మా తమ్ముడు. శనివారం తప్ప వాడికి కుదరదట. మొదటిసారి కదా, పిల్ల జన్మలో మర్చిపోకూడదు అంటాడు.”

“ఎందుకు మర్చిపోరు వదినా. పిల్లలకి గుర్తుండేది రైలూ కాదు, రాట్నమూ కాదు. మొన్నొక పిల్లాడు ఇన్ని ఆటలూ ఆడి, వెళ్ళేటప్పుడు వాళ్ళ నాన్నతో ఏం చెప్తున్నాడో తెలుసా? చేతులు కడుక్కునే చోట చీమల బారు ఉందట, అది భలే ఉందట. వాళ్ళ నాన్న మొహం చూడాలి మీరు.”

“శనివారం సెలవు అడిగితే ఇస్తారా నీకు?”

“శనివారం ఎలుగుబంటికి సెలవెవరిస్తారు? అయినా నాకెందుకు సెలవు? మీరు వచ్చిన రోజు నేను డ్యూటీలోనే ఉండాలి. మామూలు బట్టల్లో తిరిగితే మీ తమ్ముడి కంట పడతాను. ఇదైతే తల ఉంటుంది, బ్రహ్మదేవుడు కూడా పోల్చుకోలేడు. అన్నట్టు, జనంలో చెయ్యి మాత్రం వదలకండి. తప్పిపోయిన పిల్లల్ని ఈ గదికే తీసుకొస్తారు. మీ అమ్మ పేరేంటమ్మా అంటే, అమ్మ అంటారు. నాన్న పేరేంటంటే, నాన్న. ఇక మైకులో ఏమని పిలవాలి? ముందే పేర్లు నేర్పించండి దానికి.”

“నాన్న పేరు చెప్తుంది.”

“అమ్మ పేరు?”

“చెప్తుంది.”

“ఎవరి పేరు చెప్తుంది వదినా?”

“దానికి తెలిసిన పేరే చెప్తుంది. ఆ తల కాస్త అటు తిప్పవే, నన్నే చూసి నవ్వుతున్నట్టుంది.”

“అది అందర్నీ చూసి నవ్వుతుంది. దానికి అదే ఉద్యోగం.”

“పాప నీళ్ళసీసా మీద ఉంది ఈ మొహమే.”

“మీరు పంపిన ఫోటోలో చూశాను.”

“అక్కడ ఏం చూస్తావే అంటే ఎలుగుబంటిని అంటుంది. దాని క్లాసులో అందరూ ఎలుగుబంటిని కౌగిలించుకున్నారట, ఇదొక్కత్తే మిగిలిపోయిందట. రెండు నెలల నుంచి అదే గోల.”

“వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే వదినా.”

“అమ్మాయ్, నేను వచ్చింది...”

“ఫౌంటెన్ దగ్గరికి తీసుకురండి. అక్కడ నీడుంటుంది. వెనక ఎంతమంది నిలబడినా తొందర పడక్కర్లేదు. మాకొక రూలుంది. పిల్లలు పట్టుకున్నాక, వాళ్ళు వదిలేదాకా మేం వదలకూడదు. వాళ్ళ ఇష్టం, ఎంతసేపైనా సరే.”

“నేను చెప్పేది విను.”

“మాట్లాడకూడదు కూడా. ఎలుగుబంటి మాట్లాడదుగా. గొంతు వినపడుతుందేమోనని మీకు భయమక్కర్లేదు.”

“శనివారం నువ్వు రావద్దు.”

“ఎక్కడికి?”

“ఇక్కడికే. పనికి.”

“...మీ తమ్ముడు పంపించాడా?”

“నేనిక్కడికి వచ్చానని తెలిస్తే వాడు నన్ను గడప తొక్కనివ్వడు. నువ్వు ఈ పార్కులో ఉన్నావనే తెలీదు వాడికి.”

“అయితే ఆవిడ పంపించి ఉంటుంది.”

“మా మరదలికీ తెలీదు.”

“మీ మరదలు.”

“మరేమనమంటావే? కాపురానికొచ్చి మూడేళ్ళయింది. పాపకి జడేసేది తనే, జ్వరమొస్తే పక్కన కూచునేది తనే. పాప అమ్మా అనేది తననే. ఇంకొకరున్నారని కూడా ఆ పసిదానికి తెలీదు.”

“నన్ను పిలవమనట్లేదుగా వదినా. ఒక్కసారి పట్టుకుంటానంటున్నాను. అదీ దానికి తెలీకుండా. ఇంత బొచ్చులోంచి.”

“స్కూలు గేటు దగ్గరా ఇలాగే అన్నావు. దూరం నుంచి చూసి వెళ్ళిపోతానన్నావు. ఏ గేటో, ఎప్పుడు వదుల్తారో, అంతా నేనే చెప్పాను నీకు. చూసి వెళ్ళిపోయావా?”

“చెయ్యి పట్టుకున్నాను.”

“పట్టుకుని?”

“సందు చివరిదాకా నడిచాం. అంతే. బాగానే నడిచింది వదినా. నా చెప్పులు చూసి నవ్వింది కూడా.”

“అది నీకు కనపడింది. అక్కడ మాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్ల ఏదీ అంటే గేటు దగ్గర మనిషి నీళ్ళు నమిలాడు. మా తమ్ముడు చెప్పులు లేకుండా రోడ్డంతా పరిగెత్తాడు. ఇంకోసారి దగ్గరికొస్తే లోపలేయిస్తానని నీ ఎదుటే అన్నాడుగా.”

“అన్నాడు.”

“పాప వారంపాటు పక్క తడిపింది. అది నీకు చెప్పలేదు నేను. తెలియని ఆడమనిషి ఎవరు పలకరించినా ఇప్పటికీ నా వెనక్కి వచ్చి దాక్కుంటుంది.”

“చెప్పాల్సింది వదినా మీరు.”

“ఏమని చెప్పను? నిన్ను చూసే భయపడిందని చెప్పనా?”

“నేను దాన్ని వదిలేసి వెళ్ళలేదు.”

“నేననలేదు.”

“అందరూ అదే అంటారు. అది పుట్టాక దాని దగ్గరికెళ్తే నాకు చేతులు వణికేవి. ఎక్కడ జారవిడుస్తానోనని ముట్టుకోవడానికే భయం. మీ తమ్ముడు నటన అన్నాడు. కొన్నాళ్ళు మా అమ్మ దగ్గర ఉండి, మందులు మింగి వస్తానని వెళ్ళాను. నయమై వచ్చేసరికి తలుపుకి తాళం మారిపోయింది. నేను వెళ్ళిపోయినట్టా అది? చెప్పండి.”

“ఆ ఇంట్లో నీ తరఫున నోరు విప్పింది నేనొక్కదాన్నే. చీవాట్లు తిన్నదీ నేనే. అందుకేగా ఇప్పటికీ దొంగచాటుగా ఫోటోలు పంపుతున్నాను.”

“మరి ఇప్పుడేమైంది మీకు?”

“భయమైంది.”

“తల ఉంటుందంటున్నానుగా. మొహం కనపడదు, గొంతు వినపడదు. ఇంకేం భయం?”

“ఆ రూలు ఇంకోసారి చెప్పు.”

“ఏ రూలు?”

“పిల్లలు వదిలేదాకా మీరు వదలకూడదన్నావే, అది. బాగానే ఉంది. పాప వదిలేసిందనుకో. ఎలుగుబంటిని చూడ్డం అయిపోయింది, ఇంక రైలు చూడాలి. చేతులు తీసేసి, వాళ్ళమ్మ వైపు తిరిగింది. అప్పుడు?”

“అప్పుడేముంది. వదిలేస్తాం.”

“మీరందరూ వదిలేస్తారే. నువ్వు? నా మొహం చూసి చెప్పు. వదిలేస్తాను వదినా అను, చాలు. ఇప్పుడే లేచి వెళ్ళిపోతాను. శనివారం నేనే దాని చెయ్యి పట్టుకుని ఫౌంటెన్ దగ్గరికి తీసుకొస్తాను. ఒట్టు.”

“నీళ్ళ ఆటలు చివర్న పెట్టుకోండి.”

“నేనడిగిందానికి చెప్పు.”

“ముందే తడిస్తే రోజంతా ఆ తడిబట్టలతోనే తిరగాలి. జలుబు చేస్తుంది. పొడిబట్టలు ఒక జత పెట్టుకోండి, తువ్వాలు కూడా. ఇక్కడ అమ్మేవి నీళ్ళు పీల్చవు.”

“అమ్మాయ్.”

“ఒక్క నిమిషం ఎక్కువ పట్టుకుంటానేమో. దానికేమవుతుంది?”

“ఏడుస్తుంది. జనం చూస్తారు. మా తమ్ముడు వచ్చి ఆ తల లాగేస్తాడు. దాని క్లాసులో అందరూ నవ్వుకుంటూ చెప్పుకునే ఎలుగుబంటి, దానికి మాత్రం పీడకల అవుతుంది. నిన్ను తప్పు పట్టట్లేదే. నీ చోట నేనున్నా వదల్లేను. అందుకే అడుగుతున్నాను.”

“శనివారం సెలవు దొరుకుతుందేమో కనుక్కుంటాను.”

“కాసిని నీళ్ళు తాగు.”

“మీరు వెళ్ళండి వదినా. వెనక గేటు నుంచి వెళ్ళండి, ముందు నుంచైతే టికెట్టు చూపించమంటారు.”

“నన్ను తిట్టుకోకు.”

“మిమ్మల్ని కాదు. వెళ్ళండి, నేను తల పెట్టుకోవాలి.”

ఆడపడుచు వెళ్ళిన కాసేపటికి సూపర్‌వైజరు తలుపు తోసుకుని వచ్చాడు. మనిషి బంగారమే. కాకపోతే ఎదుటివాళ్ళ మొహం చూసి మాట్లాడే అలవాటు మాత్రం లేదు.

“ఏమ్మా భల్లూకం, ఇంకా చల్లారలేదా? బయట పిల్లలు గోల పెడుతున్నారు.”

“వస్తున్నానన్నా. నాకు శనివారం సెలవు కావాలి.”

“శనివారమా? ఇంకా నయం, పార్కుకి తాళం వెయ్యమనలేదు. ఏం, ఒంట్లో బాలేదా? చుట్టాలెవరైనా వస్తున్నారా?”

“మా పాప ఇక్కడికి వస్తోంది. మొదటిసారి.”

“నీకు పాపుందా? ఇన్నాళ్ళ నుంచి పని చేస్తున్నావు, ఒక్కనాడు చెప్పలేదే.”

“ఐదేళ్ళన్నా దానికి.”

“ఆ మాట ముందు చెప్పవేం మరి? సొంత పిల్ల వస్తుంటే సెలవివ్వనంటే నేనేం మనిషిని? తీసుకో. ఇన్నాళ్ళూ ఊళ్ళో పిల్లలందర్నీ ముద్దు చేశావు, ఆ ఒక్కరోజు నీ పిల్లతో తిరుగు. అన్నీ ఎక్కించు. మనవాళ్ళందరికీ చెప్పి ఉంచుతాను, మీరు వరసల్లో నిలబడక్కర్లేదు.”

“మరి ఎలుగుబంటి?”

“నేను దిగుతాలే. ఒకప్పుడు నేనూ వేసినవాణ్ణే. ఇప్పుడు ఈ పొట్టకి ఆ జిప్పు పడుతుందో లేదో, అదొక్కటే అనుమానం. మీ పాపని ఫౌంటెన్ దగ్గరికి తీసుకురా, పైకెత్తి ఒక చుట్టు తిప్పుతాను. నువ్వు ఎదురుగా నిలబడి మంచి ఫోటో ఒకటి తీసుకో.”

“ఫోటో వాళ్ళమ్మ తీస్తుందన్నా. మీరు ఎత్తుకున్నాక, ఎంత బరువుందో నాకు చెప్పండి, చాలు.”