పాట మధ్యలో ఖాళీ

కోతలరాయుడి మాటల్లో అంతా ఊకేనంటారు. ఓపిగ్గా చెరిగితే ఒక్కోసారి గింజ దొరుకుతుంది, ఆ ఉదయం టీ కొట్టులో గాయనికి దొరికినట్టు.

రాక్ పాటలు తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, గిటారు మీద పాడే మనిషి ఆమె. జనం ముందు పాడిన కచేరీని ఉన్నదున్నట్టు ఆల్బమ్‌గా తెస్తున్నారు. చిక్కల్లా చివరి పాటతో వచ్చింది. అమ్మ మీద రాసుకున్న చరణం దగ్గర ఆమె మాటలు మరిచిపోయింది. గొంతు ఆగింది, గిటారూ ఆగింది. ఆ ఖాళీలో ఇవాళ స్టూడియోలో పాడి అతుకు వేద్దామన్నాడు రికార్డింగ్ అతను. అందరూ చేసేదేనట, ఎవరికీ తెలియదట. సరేనంది గానీ మనసొప్పడం లేదు. అంతమందిలో తెల్లమొహం వేశానన్న సిగ్గు ఒకవైపు, ఉన్నదున్నట్టని అట్ట మీద అచ్చేసి అతుకు పాట అమ్మడం ఒకవైపు. జడేసుకుని, మెడకు మఫ్లర్ చుట్టుకుని టీ కొట్టులో కూర్చున్న ఆమెను ఎవరూ పోల్చుకోలేదు.

ఎదుటి బల్ల మీద పంక్చర్ షాపు ఆయన. టైర్లకైనా మాటలకైనా గాలి కొట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా, అందుకే అందరికీ గాలి బాబాయి.

"నాదేముందిరా, ఆ కచేరీలో వెనక వరసలో ఓ మూల నిలబడ్డాను," అని మొదలుపెట్టాడు. "చివరి పాటలో ఆ అమ్మాయి టక్కున ఆపేసింది. ఎందుకాపిందో తెలుసా?"

గాయని చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్లలేదు.

"నేను సన్నగా కూనిరాగం తీస్తున్నానా, అది ఆమె చెవిన పడింది. ఇక మీరందుకోండి అన్నట్టు చూసింది. కాదంటే బాగుండదని అందుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డ్రమ్ములాయన కర్రలు కింద పెట్టి దణ్ణం పెట్టాడు, స్పీకర్లు సిగ్గుపడి వాటంతటవే గొంతు తగ్గించుకున్నాయి, ఇంకో మెట్టు ఎక్కానో లేదో పైన రేకులు పావురాల్లా లేచిపోయాయి, పోనీలే నా గొంతుకు దారి దొరికిందనుకుంటే, ఆ దారినే పోతున్న విమానం ఆగిపోయి పల్లవి అయ్యేదాకా కదల్లేదు."

"దాని బ్రేకూ నువ్వే వేశావా బాబాయీ?" అన్నాడు టైలరు.

"వెయ్యలేదురా. టైర్లలో గాలి నాదేగా, నా మాట వింటుంది. అదలా ఉంచు, చందమామ దిగొచ్చి కప్పు అంచున గడ్డం ఆనించుకుని..."

"చాల్లేవయ్యా మరిదీ," అంది టీ కొట్టు వదిన, పాలగిన్నె దించుతూ. "నీ పక్కన నిలబడింది నేను. ఆ పిల్ల ఆపగానే అంత జనంలో ఒక్కరూ దగ్గలేదు. నువ్వు మీ అమ్మను తలుచుకుని చంటిపిల్లాడిలా ఏడ్చావు. పాడ్డానికి నీకు గొంతెక్కడిది? నా తువ్వాలు లాక్కుని బర్రుమని ముక్కు చీదావు, అంతే."

బల్లలన్నీ ఘొల్లుమన్నాయి. గాలి బాబాయి మేకు దిగిన ట్యూబయ్యాడు.

"కంట్లో దుమ్ము పడింది వదినా."

"అందరి కళ్లల్లోనా?"

గాయనికి గుండె మీంచి బండరాయి దించినట్టయింది. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, ఇంకోటి వేడిగా పెట్టించుకుంది.

స్టూడియోలో అతుకు వద్దంది.

"మరి ఆ ఖాళీ?" అన్నాడు రికార్డింగ్ అతను.

"ఖాళీ కాదు. జనం వైపు పెట్టిన మైకు పెంచి విను."

అతను పెంచాడు. పాట ఆగింది. ఎవరో ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో దూరంగా, బర్రుమని ఒక ముక్కు.

"అయ్యో, ఇది తుడిచేస్తానుండండి," అన్నాడతను.

"ముట్టుకోకు," అంది గాయని. "చందమామ దిగొచ్చింది దానికోసమే."