పెద్దమ్మ అడిగిన ప్యాక్

నూజివీడులో ఇంజినీరింగ్ చదువుతున్న ప్రవల్లిక ఆదివారం పూట ఆగిరిపల్లిలో ఉండే పెద్దమ్మ అహల్య ఇంటికి వచ్చింది. పోయినేడు మామిడి కోతల రోజుల్లో జ్వరంతో చనిపోయిన అహల్య కూతురు, అక్క హాసిని లాప్‌టాప్ ఆ ఇద్దరి ముందూ తెరిచి ఉంది. బొమ్మ మనుషులకి ఇల్లు కట్టి కాపురం నడిపించే హాసిని ఆట, ఆ ఆటకి విడిగా కొనుక్కునే ప్యాక్‌ల వరస తెర మీద ఉన్నాయి.

“అది కాదే, ఆ పక్కది. ఆ పక్కది నొక్కు.”

“ఇదా పెద్దమ్మా? ఇది కుక్కలూ పిల్లులూ వచ్చే ప్యాక్.”

“కుక్కలు నాకెందుకు? తోటలో ఉన్నవి చాలవా?”

“పోనీ ఇది? ఆటలో వానలూ, చలీ, ఎండలూ అన్నీ వస్తాయి దీంతో.”

“ఎండలు కూడా కొనుక్కోవాలా తల్లీ, ఆగిరిపల్లిలో ఉండి? కిందికి జరుపు.”

“ఇది వంటింటి సామాను. ఇదేమో బట్టలు ఉతుక్కునే ప్యాక్.”

“బట్టలు ఉతకడానికి మనమే ఎదురు డబ్బులివ్వాలా?”

“ఇప్పుడంతా అంతే.”

“మీ అక్క చిన్నప్పుడు ఇలా లేదే! మీ పెదనాన్న బెజవాడ వెళ్ళినప్పుడు అట్టపెట్టెలో డిస్కు తెచ్చేవారు. అది పెడితే ఆటలో ఊరంతా మారిపోయేది. కాలేజీ, హాస్టలు, ఉద్యోగాలు, స్నేహితులు, అన్నీ అందులోనే. నేను అన్నం ముద్దలు నోట్లో పెడుతుంటే కళ్ళు తెర మీంచి తీసేది కాదు.”

“అప్పుడు ఎప్పుడో ఒకటి, పెద్దది వచ్చేది. ఇప్పుడు ముక్కలు ముక్కలు చేసి అమ్ముతున్నారు. కుక్క ఒక ప్యాక్‌లో, ఆ కుక్కకి చొక్కా ఇంకో ప్యాక్‌లో.”

“చొక్కా విడిగానా! మామిడికాయ ఒకడి దగ్గర, తొడిమ ఇంకొకడి దగ్గర కొన్నట్టుంది.”

“నవ్వావు పెద్దమ్మా! నిన్నిలా చూసి ఎన్నాళ్ళయిందో.”

“సర్లే, సర్లే. కిందికి జరుపు.”

“ముందు అక్క కట్టిన ఇల్లు చూద్దామా?”

“రోజూ చూస్తూనే ఉన్నాగా. పొద్దున్నే అందులో దానికి టిఫిన్ పెట్టి, స్నానానికి పంపించి, అప్పుడు ఇక్కడ స్టవ్ వెలిగిస్తాను.”

“ఇవన్నీ ఎవరు నేర్పారు నీకు?”

“ఎవరు నేర్పుతారు? నొక్కగా నొక్కగా వచ్చింది. వయసు పెరక్కుండా ఆపడం కూడా వచ్చు. అది బొమ్మలుగా చేసి పెట్టిన ముగ్గురం, అదీ, నేనూ, మీ పెదనాన్నా, అలాగే ఉన్నాం. మీ పెదనాన్నకి అది ఎంత మీసం పెట్టిందో చూశావా?”

“అయితే ఈ పెళ్ళి ప్యాక్ తీసుకుందామా? పూల పందిళ్ళూ, మంచి మంచి బట్టలూ...”

“వద్దు.”

“అక్కకి బాగుంటుంది పెద్దమ్మా.”

“వద్దన్నానా! నిన్న ఫోన్లో చెప్పానే, అదే కావాలి.”

“అది... ఈ లాప్‌టాప్‌లో పట్టదేమో.”

“పడుతుంది. ఎంత జాగా కావాలో ఆ ఆట గురించి వీడియోలు పెట్టే పిల్ల చెప్పింది.”

“నెట్ కూడా స్లోగా ఉంది.”

“నీ ఫోన్ నుంచి పెట్టు.”

“పెద్దమ్మా, అది చావు ప్యాక్.”

“తెలుసు.”

“అది వాడాలంటే అక్కని అందులో కూడా...”

“తెలుసన్నాగా.”

“నేను వెయ్యను. అమ్మకి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు. ఇన్నాళ్ళూ దాన్ని అందులో అంత జాగ్రత్తగా చూసుకుని, ఇప్పుడిదేంటి? నేను వెయ్యను పెద్దమ్మా, ఏమైనా అనుకో.”

“పాత డిస్కుల్లో మాత్రం చావు లేదా? ఎవడో నల్లబట్టలవాడు వచ్చి తీసుకుపోయేవాడు. ఒక రాయి మిగిలేది. ఇంట్లోవాళ్ళు కాసేపు ఏడ్చి మళ్ళీ వంట చేసుకునేవాళ్ళు. ఇప్పటిదాంట్లో సాగనంపడం ఉందట కదా?”

“ఉంది.”

“ఎవరెవరు రావాలో మనమే పెట్టుకోవచ్చట.”

“అవును.”

“ఆడవాళ్ళని పెట్టొచ్చా?”

“ఎవరినైనా పెట్టొచ్చు. ఎందుకడుగుతున్నావు?”

“తల్లిని?”

“పెద్దమ్మా...”

“ఆ రోజు నువ్వూ ఉన్నావుగా. మీ అమ్మా, మా తోడికోడలూ చెరో చెయ్యీ పట్టుకున్నారు. శ్మశానానికి ఆడవాళ్ళు రాకూడదన్నారు. పాడె ఇంకా వీధి మలుపు తిరగనేలేదు, వాకిట్లో నీళ్ళు కొట్టేశారు. నేను ఆ తడిలోనే కూర్చుండిపోయాను.”

“చూశాను పెద్దమ్మా. చెప్పకు.”

“దాని జడ నేనే వేశాను. వదులుగా వేశానేమో, దారిలో ఊడిపోయిందో ఏమో. ఎక్కడ పడుకోబెట్టారో తెలీదు. ముఖం ఎటు ఉందో తెలీదు. బడికి నేనే తీసుకెళ్ళాను. ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. అక్కడికి మాత్రం ఊళ్ళో మగాళ్ళందరూ వెళ్ళారు, నేను తప్ప.”

“పెదనాన్నని అడగలేదా, ఏం జరిగిందో?”

“అడిగితే లేచి తోటలోకి వెళ్ళిపోతారు. కోతలు లేకపోయినా సరే, తోటలోకే.”

“మరి తర్వాత? రేపు పొద్దున నువ్వు ఇది తెరిస్తే అక్క ఉండదు. అప్పుడేం చేస్తావు?”

“తెరవను. అయినా దాన్ని చంపుకోవడానికి కాదే. దాంతో వెళ్ళడానికి. ఒక్కసారి చివరిదాకా నడిచి వస్తాను. అంతకన్నా ఏం అడగను నిన్ను.”

“ఏడవకు. ఇదిగో, కొంటున్నా. డౌన్‌లోడ్ కావడానికి కాసేపు పడుతుంది... అయ్యో, పెదనాన్న! మూసెయ్యనా?”

“ఎందుకూ? దొంగతనం చేస్తున్నామా? ఏమండీ, ఎప్పుడొచ్చారు? అక్కడే నిలబడ్డారేం? ఉండండి, మంచినీళ్ళిస్తాను.”

“నీళ్ళొద్దు అహల్యా, కూర్చో. వచ్చి చాలాసేపయింది. అంతా విన్నాను. ప్రవల్లికా, మీ పెద్దమ్మ అడిగింది వెయ్యమ్మా.”

“వేస్తున్నా పెదనాన్నా.”

“అందులోనూ నిప్పు తండ్రే పెట్టాలా?”

“లేదు పెదనాన్నా. అలాంటి రూలేం లేదు. అందరూ రావాలని కూడా లేదు.”

“అయితే మీ పెద్దమ్మని పంపు తల్లీ. ఈసారి నన్ను ఇంటి దగ్గర ఉండిపోనీ.”