గోడకి తగిలించని జాకెట్

అల్బేనియాలోని ష్కోదర్‌లో మా వంటింటికీ పక్కింటికీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. ఆ ఇంటి జెఫ్‌ని కాల్చి చంపి నెల తిరక్కుండానే అతని తల్లీ, చెల్లెలూ అరుచుకోవడం నాకు ప్రతి ముక్కా వినిపించింది.

“విప్పవే! చచ్చినవాడి నల్ల లెదర్ జాకెట్ వేసుకుని బజారుకెళ్తావా?”

“జీన్స్ మీద బావుంటుందమ్మా. స్కర్టు మీదా బావుంటుంది. రోజూ వేసుకుంటా.”

“నరుకుతా నిన్ను! దాన్ని గోడకి తగిలించాలి. చంపినవాడింటి రక్తం కళ్ళజూసేదాకా దించకూడదు. తాతల నాటి కట్టుబాటు అది.”

“దాన్ని చూసి చూసి నాన్న తుపాకీ తీస్తాడు. తర్వాత వాళ్ళు నాన్నని కాలుస్తారు. అప్పుడు ఆయన చొక్కాకి ఇంకో మేకు కొడతావా?”

“పిరికిదానా! నీ అన్నని వెనకనుంచి కాల్చాడే ఆ లెష్!”

“తెలుసు. అందుకే రోజూ వాళ్ళ కొట్లోనే రొట్టె కొంటున్నా.”

“ఏంటీ?”

“ఆడదాన్ని, కట్టుబాటు ప్రకారం నన్ను ముట్టుకోరు. వాడు చావుభయంతో లోపల తలుపేసుకుని కూచున్నాడు. రొట్టె కోసిచ్చేది వాళ్ళమ్మే. నేను అటు తిరిగి నించుంటా, జాకెట్ వీపు మీది తూటా కన్నం ఆవిడకి కనపడేలా. నిన్న కత్తి జారి ఆవిడ వేలు తెగింది. రొట్టంతా రక్తం.”

గోడ అవతల తల్లి గొంతు తగ్గించింది.

“ఆ నల్ల చొక్కా మార్చు.”

“ఎందుకూ?”

“నలుపు మీద నలుపేస్తే కన్నం ఏం కనబడుతుందే? లోపల ఎర్రది వేసుకో.”