ఫ్లోరిడా ఓనరమ్మ

హలో… ఆ, నేనే. ఈ ఇంట్లో ఫోనెత్తేది నేను కాక ఇంకెవరు, మా ఆయన వాల్టా? …

మూతా? ఏ మూత? …

లేదు. నీ గిన్నె మూత నా దగ్గర లేదు. … ఒరేయ్ లెన్, అసలది నీ గిన్నె కాదు, అమ్మది. ఈస్టర్‌కి కావాలని పట్టుకెళ్ళావు. మూతతోనే పట్టుకెళ్ళావు. …

అయితే క్యాబేజీ కూర మీద ఓ పళ్ళెం బోర్లించుకుని రా. … ఒలికితే ఒలికింది. ఇళ్ళ వ్యాపారం చేసే పెద్దమనిషివి, కొత్త కారు సీటు మీద కాస్త పులుసు మరక భరించలేవా? …

అరవట్లేదు. … లేదురా, కోపం మూత గురించి కాదు. …

ఉండు, వంటింటి తలుపు వేసొస్తాను. … ఆ. ఇప్పుడు చెప్పు. అమ్మ ఇంట్లో పై వాటాలో అద్దెకున్నవాళ్ళు నెలాఖరుకి ఎందుకు ఖాళీ చేస్తున్నారు? …

మళ్ళీ చెప్పు. … కూతురి బడి కోసం. వాళ్ళంతట వాళ్ళే. … పోయిన వారమూ ఇదే చెప్పావు. పోనీలే, అబద్ధమైనా మార్చకుండా ఆడావు.

ఏ అబద్ధమా? విను. మొన్న శుక్రవారం చర్చి హాల్లో చేపల వేపుడు వడ్డించే వంతు నాది. ఒకావిడ తన కూతురు యారీని వెంటబెట్టుకుని వచ్చింది. ఎక్కడుంటారమ్మా అన్నాను. అమ్మ ఇల్లున్న వీధి పేరు చెప్పింది. ఆకుపచ్చ ఇల్లు, పై వాటా అంది. …

ఎవరా? … అవును, ఆవిడే. మారిబెల్. …

నేనెవరో చెప్పలేదు. చెప్పే సందు ఇస్తేగా! "మా ఓనరమ్మ ఉందే" అని ఎత్తుకుంది, ఇక ఆగలేదు. గరిటె పట్టుకుని నిలబడి విన్నాను. ఐదేళ్ళుగా ఆ ఇంటి ఓనరు, అంటే నేనే, ఫ్లోరిడాలో ఉంటోందట. ఆ సముద్రాన్ని నేను క్యాలెండర్‌లో తప్ప చూసిన పాపాన పోలేదు. …

ఆవిడకి ముగ్గురు మొగుళ్ళట. మూడోవాడు పళ్ళ డాక్టరట. వాల్ట్‌కి చెప్తే తను మొదటివాడా, రెండోవాడా అని అడుగుతున్నాడు. …

నువ్వు నవ్వకు. నవ్వే హక్కు వాల్ట్‌ది. …

ఓ తెల్ల కుక్కపిల్ల కూడా ఉందట, దాని పుట్టినరోజుకి కేకు కోస్తుందట. కానీ అద్దెకున్న పిల్ల పిల్లిని పెంచుకుంటానంటే మాత్రం ఒప్పుకోలేదట. నా ఒళ్ళో రెండు పిల్లులు నిద్రపోతుంటాయిరా లెన్! కుక్కకి పేరు కూడా పెట్టావేమో, చెప్పు, పిలుచుకుంటాను. …

"మాటవరసకి అన్నాను"? మాటవరసకా? పిల్ల పడుకునే గదిలో హీటరు పోయిన చలికాలం నుంచీ పనిచేయట్లేదట. మన బఫెలో ఊరి మంచులో! "నా చేతిలో ఏముందమ్మా, ఓనరమ్మతో చెప్పి చూస్తాను, కానీ ఆవిడ సంగతి మీకు తెలుసుగా, ఒకసారి కాదంటే కాదు" అన్నావట. నాతో ఎప్పుడు చెప్పి చూశావు? ఏ రోజు? …

చెప్పు మరి. నేను కాదన్నానా? …

అదీ.

ఇప్పుడేమో ఓనరమ్మకి పై వాటా కావాలి, నెలాఖరుకి ఖాళీ చేయండి అన్నావట. ఆవిడ నాలుగు చోట్ల ఇల్లు వెతికింది, దొరకలేదు. పిల్ల పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. … ఎందుకో నాకు తెలుసులే. కింది వాటాని చేసినట్టే పైదాన్నీ చేద్దామని. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వచ్చి, తాగి, గుమ్మంలో కక్కి, తెల్లారి పోయేవాళ్ళకి రాత్రికింతని ఇద్దామని. …

ఆ, లాభమే. లాభం కాదని ఎవరన్నారు? ఆ మాట నాతో అనుంటే నీ మొహం మీదే వద్దనేదాన్ని. అందుకే కదా అనలేదు! నాకు ఆవిడే పోతోందని చెప్పావు, ఆవిడకి నేను పొమ్మంటున్నానని చెప్పావు. మధ్యలో నువ్వు మాత్రం వెన్నముద్ద. …

అందరు మేనేజర్లూ ఇంతేనా? ఎవరు చెప్పారు? … ఓహో, ఇళ్ళ వ్యాపారం నేర్పుతామని హోటల్లో పెట్టిన ఆ రెండు రోజుల క్లాసు. "మంచిమాటలు నువ్వు చెప్పు, చెడ్డమాటలన్నీ కనబడని ఓనరు మీదకి తోసెయ్." ఇది నేర్చుకోవడానికి డబ్బు కట్టి, పైన టై కూడా కట్టుకుని వెళ్ళావా? ఏడో ఏట కిటికీ అద్దం పగలగొట్టి పక్కింటి పిల్లాడి మీద తోసినప్పుడు ఇది ఉచితంగానే వచ్చేది నీకు. …

అమ్మ పేరెత్తకు. అమ్మ ఆ ఇల్లు నడిపింది, నిజమే. కాదనాల్సి వస్తే మనిషిని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, కళ్ళలోకి చూసి కాదనేది. నీకు అద్దె పుచ్చుకోవడానికి చేయి ఉంది, కాదనడానికి నోరు లేదు. …

ఇంకో సంగతి తెలుసా? నువ్వంటే ఆవిడకి ఎంత జాలో! "మేనేజరు బంగారంలాంటి మనిషి, ఆ రాక్షసితో వేగలేక చస్తున్నాడు" అంది. క్రిస్మస్‌కి నీకు ఫ్లాన్ అనే పాల మిఠాయి చేసి పంపిందట. … బాగుందా? … ఆహా, బాగుందట! తియ్యటి గిన్నె నీకు, శాపనార్థాలు నాకు.

ఏమన్నానంటావేమిటి? "అలాంటివాళ్ళూ ఉంటారా" అని ఇంకో చేపముక్క వేశాను. తర్వాత, ఆదివారం మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను. …

ఈ ఆదివారమే. వచ్చేశారు. నువ్వు మూత వెతుక్కుంటుంటే వాళ్ళు అక్కడ బల్ల దగ్గర వాల్ట్‌తో కూర్చుని ఉన్నారు. …

ఇంకా తెలియదు. అందుకే తలుపేశాను. …

రావా? ఎందుకు రావు? కూర నీ దగ్గరుంది. వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుని, "నేనే పొమ్మన్నాను, నాకే డబ్బు కావాలి" అను. అంతే. నువ్వు ఆ ఒక్క ముక్క అంటే ఖాళీ చేయించే సంగతి మనిద్దరం తర్వాత మాట్లాడుకుందాం. …

తలనొప్పా. …

ఇప్పుడే వచ్చిందా. …

సరే, పెట్టెయ్యకు. అలాగే ఉండు. నేను బల్ల దగ్గరికి వెళ్తున్నాను, వింటూ ఉండు.

— వాల్ట్, ఆ మాంసం కోసే కత్తి కాసేపు పక్కన పెట్టు. మారిబెల్, మీకో మాట చెప్పాలి. నా పేరు బెర్నడెట్ అని తెలుసుగా, మిగతాది వినండి. మీ మేనేజరు లెన్ నా తమ్ముడు. ఆ ఇల్లు నా పేరున ఉంది. మీరు తిట్టిన ఫ్లోరిడా ఓనరమ్మని నేనే. …

లేవకండి. కూర్చోండమ్మా. … హీటరు సంగతి నాకు చేరలేదు. పిల్లి సంగతీ చేరలేదు. ఖాళీ చేయమన్న మాట నాది కాదు. … ఇప్పుడు నేను చెప్పేది మాత్రం నాదే. మీరు ఎక్కడికీ వెళ్ళడం లేదు. రేపు పొద్దున నేనూ వాల్టూ మరమ్మతు మనిషిని తీసుకొస్తాం. యారీ తల్లీ, ఆ పెట్టెలు విప్పేసుకో. …

నమ్మకపోతే నమ్మకండి. రేపు హీటరు వేడెక్కాక చూద్దురుగాని. ఇంకా తిట్టాలనుంటే తిట్టండి, కానీ తింటూ తిట్టండి, మాంసం చల్లారిపోతోంది. …

ఇంకోటి. ఈ రోజుతో ఆ ఇంటికి మేనేజరు లేడు. అద్దైనా, తగువైనా నా దగ్గరికే రండి. ఫ్లోరిడా కంటే దగ్గరే.

— విన్నావురా? …

అన్యాయమా? …

ఇంకొక్క అవకాశం. … లెన్, ఏడవకు, తలనొప్పి ఎక్కువవుతుంది. …

నన్ను బతిమాలితే ఏం లాభంరా, నా చేతిలో ఏముంది? … సరే, అంతగా అంటున్నావు కాబట్టి ఓనరమ్మతో చెప్పి చూస్తాను. కానీ ఆవిడ సంగతి నీకు తెలుసుగా.

ఒకసారి కాదంటే కాదు.

రేపు రెండు వాటాల తాళాలూ అమ్మ గిన్నెలో వేసి తెచ్చివ్వు. మూత లేకపోయినా ఫరవాలేదు. … ఉంటాను.