చెన్నరాయప్ప వెదురు ఫ్రేము

బంగారుపేట స్టేషను ఎదురుగా మునీంద్ర టీ అంగడిలో, బల్ల మీద డ్రోను పెట్టుకొని భూమిక దిగులుగా కూర్చోని ఉండాది. డ్రోను ఫ్రేముకు ఉండే ఒక చెయ్యి రెండు తుండ్లుగా ఇరిగిపోయింది. వచ్చే నెల బెంగళూరులో రేసు. "ఈసారి కొనేది కూడా ఇరిగిందంటే డ్రోను అటకెక్కాల్సిందే" అని వాళ్ళ నాయిన తెగేసి చెప్పేసినాడు. చవగ్గా రావల్ల, ప్రాక్టీసులో దినామూ కింద పడినా తట్టుకోవల్ల. అట్లాంటి ఫ్రేము కోసరం ఫోనులో ఎతుకుతా ఉంటే మేనమామ చెన్నరాయప్ప వచ్చి పక్కన కూలబడినాడు. ఆయనది సుగటూరు, పట్టుపురుగుల సాగు. పురుగులకు సీజను ఉంటాది గానీ ఆయన మాటలకు లేదు.

"కొనేదేందమ్మా పిచ్చిదానా!" అని సంచిలోంచి వెదురుబద్దల ఫ్రేము ఒకటి తీసి బల్ల మీద పెట్టినాడు. "పురుగులు గూళ్ళు కట్టే వెదురు తట్ట, చంద్రిక అంటామే, పాతదొకటి ఇప్పి చేసినా. మొదట్లో నాకూ నమ్మకం లేదు. మిద్దె మీద నుంచి పడింది, గీత కూడా పడలే."

భూమికకు ఆశ పుట్టింది. మిద్దె వరకూ నమ్మొచ్చు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? శ్రీనివాసపురం మామిడితోపులో ఎగరేసినా, పోయి చెట్టుకు గుద్దింది చూడు, ఫ్రేము ఇరగలే, కొమ్మ ఇరిగింది, కొమ్మంటే ఏ కొమ్మ, నిండా కాయలుండే కొమ్మ, కాయలన్నీ రాలి కింద నిలబెట్టిన లారీలోనే పడినాయి, ఒక్కటి నలిగుంటే ఒట్టు!"

"లారీకి టార్పాలు కట్టలేదా అన్నా?" అన్నాడు మునీంద్ర, టీ వడగడతా.

"కాయలు పడతాయని ముందే తీసినారప్పా. నువ్వు ఇను. అది ఆగిందా? లేదు. అట్నే పోయి మద్రాసు రైలుకు ఎదురుపడింది."

"రైలు గుద్దేసిందా?"

"గుద్దేదానికి ధైర్యం ఉండొద్దా! డ్రైవరు బండి ఆపి దీన్ని పోనిచ్చినాడు. ఆ దినం రైలు లేటు, కావాల్సుంటే స్టేషన్లో అడుగు."

"రైలు ఏ దినం లేటు కాదన్నా?" అన్నాడు మునీంద్ర.

"ఇంగ కేజీఎఫ్ కాడికి పోయేటప్పటికి బ్యాటరీ అయిపోయి పాత గనిలో పడింది. నేను గట్టున కూర్చోని బీడీ కాల్చినా, ఇంటికి పోయి ముద్ద తిని వచ్చినా, అప్పుడు వినపడింది అడుగున తగిలిన సద్దు. తగిలి ఎగిరింది! నేరుగా వచ్చి నా చేతిలో వాలింది, ఒళ్ళంతా బంగారు పొడి. మీ అత్త దాంతోనే కమ్మలు చేయించుకునింది."

భూమిక నవ్వలేదు. నవ్వే తీరిక యాడ ఉండాది ఆ పిల్లకు? ఫ్రేము చేతికి తీసుకొని వంచి చూసింది. గట్టిగానే ఉండాది. తిప్పి చూసింది. మళ్ళా తిప్పింది.

"మామా, మోటార్లు బిగించే బొక్కలు యాడ?"

చెన్నరాయప్ప రెప్ప ఆర్పలేదు. "అదే కదమ్మా చెప్తా ఉండేది! బొక్కలు వేద్దామని పోతే డ్రిల్లు బిట్లే ఇరిగిపోయినాయి. అంత గట్టి!"

"అయితే ఇంతవరకూ బొక్క పడలేదు."

"పడితే కదా!"

భూమిక ఫోను తీసుకొని, మందంగా ఉండే కార్బను ఫ్రేము చూసింది. ఇరిగితే ఆ ఒక్క చెయ్యి మార్చుకుంటే సరిపోతాది. దానికే ఆర్డరు పెట్టేసి మామ వైపు తిరిగింది.

"మోటార్లే లేకుండా అది శ్రీనివాసపురానికి ఎట్లా పోయింది మామా?"

మునీంద్ర టీ వడగట్టేది ఆపి ఆయన మొహమే చూస్తా ఉన్నాడు. చెన్నరాయప్ప ఖాళీ గ్లాసు ఎత్తి ఒక గుటక వేసినాడు.

"బస్సులో," అన్నాడు.