పాటలకూ మేకలకూ పొత్తు

సుంకమ్మ మేకలు ఆ యేడు వరసబెట్టి ఈసుకపోతాండాయంట. ఈసుకపోయేదంటే, నెలలు నిండకముందే పిల్ల చచ్చి బయటపడేది. మొగుడు లేడు, చేను లేదు, ఆ మేకలే ఆయమ్మకు బతుకు. పశువుల డాక్టరు కాడికి పోతే, చూద్దాంలేమ్మా అని పంపిచ్చినాడంట. ఆ దిగులులో ఉంటే ఏమైందంటే, టౌను కాలేజీ నుంచి నీరజ అని ఒగ పాప వచ్చె, ఇసుర్రాయి పాటలు కావాలని. ఆ పాటలు సుంకమ్మకు వచ్చినన్ని ఇంగెవరికీ రావు. ఆ పాప ఏమన్నాదంటే, అత్తా, నేను అడిగేది నువ్వు చెప్పేది అని కాదు, ఇద్దరం పొత్తు కలిసి చేద్దాం, అనె. పెద్ద సార్లు అట్ల అనమని నేర్పిచ్చి పంపినారనుకో.

పొత్తంటే మనకేంది? నాకు ఒంటెద్దు, నీకు ఒంటెద్దు, రెండూ కలిపి కాడి కడతాం. ఒగ దినం నీ చేను దున్నితే ఒగ దినం నా చేను. సుంకమ్మ అదే అనుకున్యాది. సరేలే అని ఆ దినమంతా గొంతు పోయేదాకా పాడినాది. తెల్లారి పొద్దున్నే సుంకమ్మ కట్టె పట్టుకోని ఆ పాప దిగిన ఇంటి వాకిట్లో నిలబడె. రా పాపా, ఈ పొద్దు నా చేను, అనె. నీకు చేను లేదంటివే అత్తా, అని ఆ పాప. నా చేనంటే మేకలే, ఎందుకు ఈసుకపోతాండాయో కనుక్కుందాం పా, అని సుంకమ్మ. నాకు మేకల సంగతి తెలియదత్తా, నేను చదివింది పాటలు, అనె ఆ పాప. నీ చదువు నాకు మాత్రం తెలుసునా, నిన్న పాడలేదా, అనె సుంకమ్మ. ఆ పాప పోయి ఆ డాక్టరునే అడిగినాది. కాలేజీ పాప అడిగేతలికి ఆయప్ప కుర్చీలోంచి లేసినాడంట. సుంకమ్మకు కడుపు మండింది, మండదా? అయినా మేకలు ముఖ్యం గదా, ముందు నడిచి మంద కాడికి దావ చూపిచ్చినాది. ఆయప్ప వచ్చి నెత్తురు తీసి చూసి, ఇది అంటురోగం, మందకంతా సూది ఎయ్యాల, అన్యాడు.

ఆ సూదులు ఏసే దినమే పెద్ద సారు జీపులో దిగె. ఏం నీరజా, పాటలు సగం గూడ కాలేదంట, నిన్ను మేకలు కాయను పంపినామా, అనె. ఆ పాప తలకాయ వంచుకునె. సారు సుంకమ్మ తట్టు తిరిగి, నువ్వు పాడమ్మా, నేను వింటా, అనె. సుంకమ్మ ఏమీ కోపం చేసుకోలేదు. ఈ పొద్దు పాటల దినం కాదు సార్, మేకల దినం. ఊరికే నిలబడుకునే బదులు దీని ఎనక కాళ్లు పట్టుకో సార్, తన్నుతాది, అనె. సారు నీరజ తట్టు చూసినాడు. గట్టిగ పట్టుకోవాల సార్, అనె ఆ పాప. తెల్ల ప్యాంటుతోనే వంగి పట్టుకున్యాడంట.

ఆ యేడు ఆ పొద్దు నుంచి ఈనిన పిల్లలన్నీ బతికినాయి. పాటలు గూడ అన్నీ అయినాయిలే, మేక కాళ్లు పట్టినోళ్లకే పాడినాది ఆయమ్మ. ఇంతేనయ్యా కథ. నువ్వు గూడ శానా సేపు ఆ మాటలు పట్టే డబ్బా నా మూతికాడ పెట్టుకోని వింటివి. లెయ్, మా గొడ్ల కొట్టం మింద కప్పిన బోదగడ్డి గాలికి ఎగిరిపోయింది. నిచ్చెన ఆడుంది.