ఆరు తర్వాత ఎనిమిది

తిరుపతిలో నర్సింగ్ చదివే కూతురు నగరిలోని ఇంటికి వచ్చేసరికి, నాయన తువ్వాలుతో మూతి కప్పుకుని మగ్గం ముందు నిలబడి ఉన్నాడు.

"తువ్వాలు తియ్యి నాయనా! అయ్యో, ఈ మూతి ఎప్పుడు వంకరపోయింది?"

"మొన్న పొద్దున. పసరు పూసినానులే, అరవద్దు."

"పసరా? మొగం నరం దెబ్బతింటే మూడు దినాల్లోపలే మందు మొదలుపెట్టాల! మొన్న ఫోన్లో మాట ముద్దగా వస్తాంటే, నోట్లో ఆకువక్క ఉండాదంటివే!"

"తలలో పన్నెండు జతల నరాలకీ మన గోడ గడియారం మాదిరే రోమన్ అంకెలుండాయంటివి. రోజూ ఫోన్లో నేను అంకె చదివితే నువ్వు నరం పేరు ఒప్పజెప్తివి. నాకు తెలీదా?"

"ఏడంటే మొగం నరమని తెలిసే దాచినావా!"

"నిన్న నీకు పరీక్ష గదమ్మా. అందుకే మొన్న ఆరు అడిగి, ఎనిమిదికి పోయినాను."